గడియారానికీ రిమోటుకూ ఏ సెల్లు వేయాలి?

గోడ గడియారం, టీవీ రిమోటు, జ్వరం చూసే థర్మామీటరు, వంటింట్లో తూకం వేసే మిషను వంటివి బ్యాటరీని చాలా పొదుపుగా వాడుకుంటాయి. వీటికి సెల్లు కొనబోయి చాలామంది ఎక్కువ రోజులు వచ్చేది ఇవ్వమని అడుగుతారు. నన్నడిగితే ఏళ్ల తరబడి పరికరంలో కూర్చున్నా కారని సెల్లు ఏది అన్నది ముందు చూసుకోవాలి. ఇలాంటి పరికరాలు ఛార్జి అయిపోయి మూలపడడం అరుదు. లోపల సెల్లు ఉందన్న సంగతే మనం మరిచిపోవడం వల్ల, అది కారి, స్ప్రింగులు చిలుమెక్కి పాడవుతుంటాయి.

మన కొట్లలో దొరికే పెన్సిల్ సెల్లులు ముఖ్యంగా రెండు రకాలు. చవకగా వచ్చే జింక్ కార్బన్ సెల్లు మీద ఆర్6 అనీ, ఆల్కలైన్ సెల్లు మీద ఎల్ఆర్6 అనీ ఉంటుంది. రిమోట్లలో వేసే సన్న సెల్లుల మీద ఇవే ఆర్03, ఎల్ఆర్03 అవుతాయి. పైన పెద్ద అక్షరాలతో ‘హెవీ డ్యూటీ’ అని ఉన్నంత మాత్రాన అది ఆల్కలైన్ అనుకోకూడదు; ఆ మాట సాధారణంగా జింక్ క్లోరైడ్ వాడిన జింక్ కార్బన్ సెల్లుల మీదే వేస్తారు. అక్షరాలు చిన్నవై ఆనకపోతే చేతిలో వేసుకుని చూసినా తెలుస్తుంది. ఆల్కలైన్ పెన్సిల్ సెల్లు 23 గ్రాముల దాకా తూగుతుంది, రెండోది తేలిగ్గా ఉంటుంది.

మా విజయనగరంలో గంటస్తంభం దగ్గర గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరు గోడ గడియారానికి ఎప్పుడూ చవక సెల్లే ఇస్తారు. “దీనికిదే సాలు మేస్టారూ, ఏడాదికోపాలి మార్సీండి” అంటారు. ఆ మాటకు లెక్క కుదురుతుంది. మామూలు క్వార్ట్జ్ గడియారం ముల్లును సెకనుకోసారి మాత్రమే తోస్తుంది కనుక, సగటున మిల్లీ ఆంపియర్‌లో పదో వంతు చుట్టుపక్కల కరెంటు తీసుకుంటుంది. ఏడాదికి 8,760 గంటలు. కరెంటును గంటలతో గుణిస్తే సుమారు 876 మిల్లీ ఆంపియర్ అవర్లు; సెల్లు మొత్తం ఎంత ఇవ్వగలదో చెప్పే కొలత ఇదే. ఇంత నెమ్మదిగా వాడితే మంచి జింక్ కార్బన్ సెల్లు ఆ మాత్రం ఇస్తుంది. ఆల్కలైన్ సెల్లు 2,000కు పైగానే ఇస్తుంది, రెండు మూడేళ్లు నడుస్తుంది, కానీ అన్నాళ్లూ గడియారం వెనక్కి ఎవరూ తొంగిచూడరు.

ఆయనే ఒకసారి పాత సెల్లు పైరేకు ఒలిచి చూపించారు. లోపలి జింకు డబ్బా అడుగున జల్లెడలా చిల్లులు పడి, వాటిలోంచి నల్లటి ముద్ద బయటికి ఉబికి ఉంది. ఈ రకంలో ఆ డబ్బాయే రుణ ధ్రువం. కరెంటు ఇచ్చిన కొద్దీ అది తరుగుతూ పోతుంది. అందుకే అయిపోయిన సెల్లును ఒక్క వారం కూడా లోపల ఉంచకూడదు. ఆల్కలైన్‌కు బయట ఉక్కు డబ్బా ఉన్నా, లోపల హైడ్రోజన్ చేరి ఒత్తిడి పెరిగితే మూత దగ్గర సీలు వదిలేస్తుంది. అప్పుడు బయటికొచ్చిన పొటాషియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి తెల్లటి పొడిలా గడ్డకడుతుంది. చేతికి తొడుగు వేసుకుని, దూదికి కాస్త వెనిగర్ గానీ నిమ్మరసం గానీ అద్ది తుడిస్తే అది పోతుంది. స్ప్రింగు తినేసి ఉంటే మాత్రం చేసేదేమీ లేదు.

కాబట్టి గడియారానికి జింక్ కార్బనే వేసి, సెల్లు మీద మార్కరుతో తేదీ రాసి, భోగికి ముందు ఇల్లు దులిపేటప్పుడు మారుస్తాను. రిమోటుకు ఆల్కలైన్ వేస్తాను. రెండు సెల్లులూ ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి అయి ఉండాలి. పాతదానికి కొత్తది జత చేస్తే, బలమైనది బలహీనమైనదాన్ని ఎదురు దిశలో తోసి, అది కారేలా చేస్తుంది. బీపీ మిషను వంటి ఖరీదైనదాన్ని వాడి నెలల తరబడి పక్కన పెట్టేటట్లయితే సెల్లులు తీసి పెట్టడమే మేలు. అలా కుదరని చోట 1.5 వోల్టుల లిథియం సెల్లు వేయవచ్చు. ధర ఎక్కువే అయినా అది కారడం బహు అరుదు, పదేళ్లకు పైగా నిలవ ఉంటుంది. రీఛార్జబుల్ సెల్లులను ఈ పనికి నేను వాడను. అవి 1.2 వోల్టులే ఇస్తాయి, పైగా మామూలు రకాలు ఊరికే పెట్టినా ఛార్జి కోల్పోతాయి.

కొనేచోట తేదీ చూడాలి. కొట్టు ముందు ఎండలో వేలాడే పట్టీ నుంచి తెంపి ఇచ్చేవి వద్దని చెబుతాను, వేడికి సెల్లు తొందరగా నీరసిస్తుంది. ఫ్రిజ్‌లో పచ్చిమిర్చి పక్కన దాచడమూ అనవసరమే: భోగాపురం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలిలో బయటికి తీయగానే వాటికి చెమ్మ పడుతుంది.

బటన్ సెల్లులలో ఎల్ఆర్44 ఆల్కలైన్, ఎస్ఆర్44 సిల్వర్ ఆక్సైడ్. రెండూ ఒకే కొలత అయినా, రెండోది చివరిదాకా 1.55 వోల్టుల దగ్గరే నిలకడగా ఉంటుంది, అందువల్ల కొలత పరికరాలకు అదే నయం. తూకం మిషన్లలో వచ్చే సీఆర్2032 మాత్రం 3 వోల్టుల లిథియం బిళ్ల. పిల్లలున్న ఇంట్లో దీన్ని చాలా జాగ్రత్తగా ఉంచాలి. మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. మింగారన్న అనుమానం వచ్చినా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. తీసేసిన బిళ్లలోనూ ఆ ప్రమాదం మిగిలే ఉంటుంది కనుక, రెండు వైపులా టేపు అంటించి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేదాకా వాళ్లకు అందని అలమారలో పెట్టాలి.