గుండె జబ్బు కాదని తేలాక

పదహారేళ్ళ వయసులో నాకు పానిక్ డిజార్డర్ వచ్చింది, అంటే కారణం లేకుండా ఉన్నట్టుండి విపరీతమైన భయం ముంచుకొచ్చే జబ్బు. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం, బైపీసీ. క్లాసులో ఉన్నట్టుండి గుండె దడదడలాడేది, వేళ్ళు తిమ్మిరెక్కేవి, గొంతు బిగుసుకుపోయేది. ఈ క్షణమే చచ్చిపోతానని గట్టిగా అనిపించేది. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ పరీక్ష అన్నీ బాగానే వచ్చాయి. "ఏమీ లేదమ్మా, చదువంటే భయం, అంతే" అన్నారు ఒక డాక్టరు గారు. నానమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. నా బాధ నిజమని అప్పటికి నమ్మింది ఆవిడ ఒక్కతే.

మెట్రో ఎక్కడం మానేశాను. తర్వాత ల్యాబ్, ఆ తర్వాత పెళ్ళిళ్ళు. కాలేజీ నుంచి ఫోను చేస్తే నాన్న ఆఫీసు పని వదిలేసి వచ్చి తీసుకువెళ్ళేవారు.

మానసిక వైద్యులకు చూపిద్దామని అమ్మ అనగానే పెద్దమ్మ "ఎర్రగడ్డకా?" అంది. ప్రభుత్వ మానసిక చికిత్సాలయం అక్కడ ఉన్నందుకు హైదరాబాద్‌లో ఆ పేటపేరే ఎగతాళి మాటయింది. అక్కడికి వెళ్ళి బాగుపడి ఇంటికి చేరినవాళ్ళందరికీ అది అవమానం. ఆ మాట విని పిల్లలను వైద్యానికి దూరంగా ఉంచే ఇళ్ళు ఎన్ని ఉన్నాయో తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. మా సెక్షన్‌లో నేను ఒక్కదాన్నే అయి ఉండను.

సైకియాట్రిస్టు పరీక్షించి, నాకు ముందుగా మాటలతో, సాధనతో చేసే థెరపీ సరిపోతుందని క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు పంపారు. ఆ మేడమ్ మొదటి రోజే అమ్మానాన్నలను బయట కూర్చోమన్నారు. "నువ్వు చెప్పేది ఈ గది దాటదు. నీ ప్రాణానికో మరొకరికో ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం మీ ఇంట్లో చెప్పాల్సి వస్తుంది" అన్నారు. పదహారేళ్ళ పిల్లకు అలాంటి హామీ ఎంత అవసరమో పెద్దలకు తెలియదు. మార్కుల గురించి, నాన్న అప్పు గురించి, ఎవరితోనూ అనలేని మాటలన్నీ అక్కడ చెప్పాను.

తర్వాత ఆవిడ నా శరీరం గురించి నాకు పాఠం చెప్పారు. ఆపద లేకపోయినా శరీరం అడ్రినలిన్ వదులుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, అందుకే తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. కొన్ని నిమిషాల్లో అది పతాక స్థాయికి చేరి తనంతట తానే దిగిపోతుంది. మధ్యలో పారిపోయిన ప్రతిసారీ, పారిపోయాను కాబట్టే బతికానని మెదడు నేర్చుకుంటుంది.

వినడం వేరు, చేయడం వేరు. సన్నని స్ట్రాతో ఊపిరి పీల్పించారు, కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పారు, మెట్లు పరుగున ఎక్కించారు. ఆ దడను కావాలనే తెప్పించి, దాని పక్కనే నన్ను నిలబెట్టారు. భయపడే చోట్లన్నీ తేలికైన వాటి నుంచి కష్టమైన వాటి దాకా వరుసగా రాయించారు. ముందు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌లో ఊరికే నిలబడడం. తర్వాత ముసారాంబాగ్ దాకా ఒక్క స్టేషన్. చివరగా సాయంత్రం రద్దీలో అమీర్‌పేట దాకా. దడ వచ్చిందని దిగకూడదు, దడ తగ్గాకే దిగాలి. మలక్‌పేట దగ్గర కడ్డీ పట్టుకుని ఏడ్చాను. ఒక ముసలాయన లేచి సీటు ఇచ్చారు. అయినా దిగలేదు.

అమ్మానాన్నలకు విడిగా కౌన్సెలింగ్ జరిగింది. అదే లేకపోతే నా వైద్యం సగంలో ఆగిపోయేదని నా నమ్మకం. గంటకోసారి "బాగానే ఉన్నావా?" అని అడగవద్దని అమ్మకు, ఫోను రాగానే పరుగెత్తుకు రావద్దని నాన్నకు చెప్పారు. "నీతో ఫోనులో ఉంటానురా, క్లాసులోనే కూర్చో" అన్న రోజు నాన్న గొంతు వణికింది. ఆ పని నాకంటే ఆయనకే కష్టమయింది.

ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను. పరీక్షలప్పుడు దడ అప్పుడప్పుడూ వస్తుంది, నేను రాస్తూనే ఉంటాను. డబ్బో దూరమో అడ్డయినవాళ్ళకు 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ ఉంది. 14416కు ఏ వేళ చేసినా ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ పిల్ల ఆ నంబరుకు ఫోను చేస్తానంటే గది ఖాళీ చేసి, తలుపు దగ్గరకు వేసి వెళ్ళండి.