ఊల్మ్ గుట్ట మీది మూడు చెక్కల స్టూలు

జర్మనీలోని ఊల్మ్‌లో రైలు దిగినవాళ్లంతా 161 మీటర్ల చర్చి గోపురం వైపు నడుస్తారు. డిజైనర్ ఓటల్ ఐషర్ కోసం వచ్చినవాళ్లు మాత్రం కూబెర్గ్ గుట్టకి బస్సెక్కాలి. నేను మంగళవారం వెళ్లాను. అక్కడున్న పాత డిజైన్ కళాశాల ఆర్కైవ్‌కి సోమవారం సెలవు.

ఐషర్ ఈ ఊళ్లోనే 1922లో పుట్టాడు. హిట్లర్ యువజన దళంలో చేరనన్నందుకు 1937లో అరెస్టయ్యాడు. నాజీలకి వ్యతిరేకంగా కరపత్రాలు పంచినందుకు 1943లో తల నరికించుకున్న హాన్స్, సోఫీ షోల్‌ల అక్క ఇంగెను 1952లో పెళ్లాడాడు. మర్నాడే అన్నట్టు 1953లో స్విస్ డిజైనర్ మాక్స్ బిల్‌తో కలిసి ఇద్దరూ ఆ డిజైన్ కళాశాల మొదలుపెట్టారు. ఐషర్ పాఠం చెప్పిన ఈ గుట్ట మీది కాంక్రీటు భవనాలు ఇప్పటికీ పూత లేకుండానే ఉన్నాయి. కళాశాల మాత్రం 1968లో మూతపడింది.

ఇక్కడ తీరిగ్గా చూడాల్సింది బిల్, అదే కళాశాల అధ్యాపకుడు హాన్స్ గుగెలో 1954లో చేసిన స్టూలు. స్ప్రూస్ అనే చెట్టు చెక్కలు మూడు, బీచ్ అనే గట్టి చెట్టు కర్ర ఒకటి, అంతే. మూలల్ని రెండు చేతుల వేళ్లు పెనవేసినట్టు కోసి బిగించారు. అడ్డంగా ఉన్న ఆ బీచ్ కర్ర పక్కచెక్కలు విచ్చుకోకుండా పట్టి ఉంచుతుంది, మోసుకెళ్లడానికి పిడిగానూ పనికొస్తుంది. స్ప్రూస్ మెత్తన కాబట్టి నేలకానే అంచులకి బీచ్ పట్టీలు వేశారు, లేకపోతే త్వరగా అరిగిపోతాయి. నిలబెడితే ఎత్తు 44 సెంటీమీటర్లు, పక్కకి పడుకోబెడితే 39.5.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కి ఐషర్ చేసిన క్రీడాచిహ్నాల్లోనూ ఇదే పొదుపు. నిలువు, అడ్డం, 45 డిగ్రీల ఏటవాలు, ఈ మూడు దిక్కుల్లోనే కాళ్లూ చేతులూ. తల ఒక చుక్క. గళ్ల కాగితం మీద గీసి చూడండి: ఒక్క చెయ్యి 30 డిగ్రీలకి తిరిగినా ఆ బొమ్మ మిగతా వరసలో ఇమడదు. నాజీల జెండా గుర్తుకు రాకూడదని రంగుల్లోంచి ఎరుపునీ తప్పించాడు.

ఐషర్ బొమ్మల మరో వరస ఇస్నీ అనే ఊరిది. ఆ ఊరికి రైలు లేదు. ఊల్మ్ నుంచి మెమింగెన్ మీదుగా లాయిట్‌కిర్ష్ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. ఆ చిన్న ఊరి కోసం ఐషర్ నలుపు తెలుపుల్లో 128 చిత్రాలు గీశాడు. కొండ, మంచు, చెట్టు, అన్నీ చదరంలోనే. మ్యూనిక్ చిహ్నాలకంటే నాకివే ఎక్కువ నచ్చాయి.

లాయిట్‌కిర్ష్ పక్కనే రోటిస్ అనే పల్లె. 1972 నుంచి అతని ఇల్లూ ఆఫీసూ అక్కడే. 1991లో ఇంటి ముందే మోటార్‌సైకిల్ గుద్దింది, ఆ దెబ్బలతో పోయాడు. 1988లో చేసిన ఫాంటుకి ఆ పల్లె పేరే పెట్టాడు. ప్రతి నామవాచకమూ పెద్దక్షరంతో మొదలయ్యే జర్మన్‌ని అతను మొత్తం చిన్నక్షరాల్లోనే రాసేవాడు. ఆ తేడాయే లేని మన లిపివాళ్లకి అదంత తిరుగుబాటుగా అనిపించదు. ఇక రోటిస్ అక్షరాలంటారా, విడివిడిగా అందంగా ఉంటాయి. వాక్యంలో పెడితే మాత్రం ‘c’, ‘e’లు వెనక్కి వాలి వరసలో చిల్లులు పడ్డట్టుంటుంది.