విప్పి తిరిగి కట్టిన రైతు ఇల్లు

గుంటూరు దగ్గర మా ఊరిలో తాతగారి పెంకుటిల్లు పడగొట్టించిన మరుసటి ఏడాది, మా అమ్మాయి దగ్గరకు ఇంగ్లండు వెళ్లినప్పుడు, సింగిల్టన్‌లోని వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియంలో బేలీఫ్ అనే రైతు ఇంటిని చూశాను. 15వ శతాబ్దం తొలినాళ్లలో కెంట్‌లోని చిడింగ్‌స్టోన్ వద్ద కట్టిన ఆ ఇంటిని, బౌ బీచ్ జలాశయం కోసం ఆ చోటు ఖాళీ చేయవలసి రాగా, 1968-69లో దుంగ దుంగా విప్పి తెచ్చి, తరువాత ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. నాగార్జునకొండ లోయలోని బౌద్ధ కట్టడాలను అనుపుకు తరలించిన సంగతి ఎరిగిన మనకు ఇది వింత కాదు. అయితే ఇక్కడ తరలినది విహారం కాదు, సేద్యం చేసుకున్నవారి ఇల్లు.

నడిమి భాగమంతా నేల నుండి పైకప్పు దాకా అడ్డులేని ఒకే పెద్ద సావిడి. దానికి ఇరువైపులా రెండేసి అంతస్తుల గదులున్నాయి. వాటి పై అంతస్తులు ముందుకు పొడుచుకు వచ్చినందువల్ల సావిడి గోడ లోపలికి జరిగినట్టు కనిపిస్తుంది. గోడలంటే ఓక్ చట్రాల నడుమ తడికలు అల్లి, గడ్డీ పేడా కలిపిన మట్టి మెత్తినవే. మా పాత వంటిల్లూ అటువంటిదే కాబట్టి, ఆ గోడను చేత్తో తడిమినప్పుడు పరాయి దేశంలో ఉన్నాననిపించలేదు. కిటికీలకు అద్దాలు లేవు, నిలువు చెక్క ఊచలూ తలుపులూ మాత్రమే ఉన్నాయి. పొగగొట్టమూ లేదు. సావిడి మధ్య నేలమీద పొయ్యి వెలిగిస్తే, పొగ పైకి లేచి పెంకుల సందుల గుండా మెల్లగా బయటికి పోతుంది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి అతుకులు. ఒక దుంగ చివరను నాలుకలా చెక్కి, రెండవ దుంగలో తొలిచిన గాడిలోకి దూర్చి, అడ్డంగా చెక్క మేకు దిగగొడతారు. పచ్చి ఓక్‌తోనే పని చేస్తారు గనుక, కలప ఎండేకొద్దీ అతుకు మరింత బిగుసుకుంటుంది. ఆ కాలపు వడ్రంగులు చట్రాన్ని ముందుగా నేలమీద పేర్చి చూసుకొని, ఏ దుంగ ఏ దుంగతో కలవాలో తెలిసేలా రోమన్ అంకెలు గీసేవారు. మేకు ఊడదీస్తే విడిపోయి, అంకె చూసి కలిపితే నిలబడే ఇల్లు అది.

తాతగారి ఇంటి టేకు దూలాలను మేము ఏ గుర్తూ పెట్టకుండా ట్రాక్టరులో వేసి అడితికి పంపాము. ఆ తప్పు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఈ వేసవిలో పెదనాన్నగారి ఇంటి పైకప్పు దింపబోతున్నారు. ప్రతి దూలానికీ, ప్రతి వాసానికీ ఉలితో అంకె చెక్కిన తరువాతే కిందికి దించమని వడ్రంగితో చెప్పి వచ్చాను.