డయల్ గేజ్ తీసినందుకు

"మిషన్ చూసేదానికి వచ్చినావా నాయనా, దొంగను పట్టేదానికి వచ్చినావా?"

సెలవులో మా బావమరిదితో కలిసి రేణిగుంట దగ్గర గాజులమండ్యంలో ఇనుమును కోసి చెక్కే మిల్లింగ్ మిషన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చూడబోతే, షెడ్డు పెద్దాయన అన్న మాట ఇది. కువైట్ వచ్చేశాను గానీ ఇంకా మింగుడు పడలేదు. నేను చేసిందల్లా వెంట్రుకవాసి కదలికనైనా ముల్లుతో చూపించే డయల్ గేజ్‌ను మ్యాగ్నెట్ స్టాండుకు బిగించడమే. కాకపోతే అప్పటికే ఆయన కాఫీ తాగేశాం. మా మామ పేరు చెప్పగానే ఆయనకు నేను కూడా అల్లుడినైపోయాను. చిక్కంతా అక్కడే వచ్చింది.

పాత హెచ్‌ఎంటీ మిషన్. ఆయుధపూజ కుంకుమ బొట్టు చెరపకుండా దాని చుట్టూ కొత్త రంగు వేశారు. కొత్త రంగు చూస్తే నాకు అనుమానం. పని ముక్కను పట్టి ఉంచే వైసు ఎప్పుడూ టేబుల్ నడుమే కూర్చుంటుంది కాబట్టి పనీ అక్కడే, అరుగుదలా అక్కడే. హ్యాండిల్ ఒకవైపు తిప్పి వెనక్కి తిప్పితే, టేబుల్ కదిలేలోపు ఎన్ని గీతలు ఖాళీగా పోతాయో నడుమ ఒకసారి, చివర ఒకసారి చూడాలి. కొందరు ముందురోజే జిబ్, అంటే టేబుల్ జారే దారిలో సందు సరిచేసే పట్టీ, బిగించి టేబుల్ ఊగడం కనపడకుండా చేస్తారు. అప్పుడు చివరికి పోయేసరికి పట్టేస్తుంది. ఈ మిషన్‌కూ అంతే, చివర్లో హ్యాండిల్‌కు రెండు చేతులూ కావలసి వచ్చాయి.

కువైట్‌లో నేను పనిచేసే షువైఖ్‌లో మా ఫోర్‌మన్ ఈజిప్టువాడు. సొంత తమ్ముడు మిషన్ తెచ్చినా సరే, అరగంట టాప్ స్పీడులో తిప్పి, కట్టర్‌ను తిప్పే స్పిండిల్ బేరింగ్ దగ్గర చెయ్యి పెట్టి చూస్తాడు. అమ్మేవాడు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు, కోపం రాదు. మొదట్లో అది నాకు గొప్పగా తోచింది. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. ఇక్కడ ఎవరికి ఎవరూ ఏమీ కారు, ఇంక కోపం ఎందుకొస్తుంది? నా ఇకామా (ఇక్కడ ఉండే అనుమతి) అయిపోతే నా మిషన్ ముందు ఇంకొకడు నిలబడతాడు. పెద్దాయనకు మాత్రం అల్లుడు గేజ్ తీయడమంటే ఇల్లు సోదా చేసినట్టే.

అలాగని నేను చేసింది తప్పని ఒప్పుకోను. బావమరిది పెట్టేది చీటీ పాడిన డబ్బు. "ఆయన మొహం చూడలేకపోయినా బావా" అంటాడు. మొహం చూస్తే స్పిండిల్ సంగతి తెలుస్తుందా?

విచిత్రం ఏమిటంటే, అంత కోప్పడిన మనిషే మేం బయల్దేరేముందు టేబుల్ కిందికి వంగి, "నట్టు అరిగింది నాయనా, మార్పిస్తే సరిపోతుంది" అన్నాడు, అడక్కుండానే. షువైఖ్‌లో ఆ మాట ఎవరూ చెప్పరు, నువ్వే కనిపెట్టుకోవాలి.

కానీ టేబుల్‌ను నడిపే స్క్రూ మీది నట్టు ఒక్కటే అరిగితే, ఆట (హ్యాండిల్ ఖాళీగా తిరగడం) అంతటా ఒకేలా ఉండాలి. నడుమే ఎక్కువ ఉందంటే స్క్రూ పోయినట్టు. కొత్త నట్టు వేసినా చివర్లో బిగువుగా ఉంటుంది, నడుమ మళ్లీ వదులే. నిన్న ఫోన్లో బావమరిదికి అదే చెప్పాను: స్క్రూ ఖర్చు రేటులో తగ్గించమను, ఒక ఇనుప ముక్క కోసి చూశాకే అడ్వాన్స్ ఇవ్వు, పెద్దాయన అలిగితే ఇంకో కాఫీ తాగు.