పొర పండేదాకా ఆగక్కర్లేదు

నొప్పి లేదు, ఎరుపు లేదు. పట్టపగలు ఎండలో నా కుడికంటికి మసక, రాత్రి ఎదురొచ్చే లారీ లైటు చెదిరిపోయి కనిపించడం, అంతే. అది శుక్లం, అంటే కంట్లోని కటకం మసకబారడం. శుక్లం మొదట్లో అద్దాల పవరు కూడా మారుతుంది కాబట్టి, కొత్త అద్దాలతో కొన్నాళ్లు గడిచిపోయాయి.

“పండాక తీయిద్దాంలే” అనే మాట మా ఊళ్లో ఇంకా వినిపిస్తుంది. అది పాత పద్ధతి నాటి మాట. ముదిరేకొద్దీ కంట్లోని కటకం గట్టిపడుతుంది, తీయడం కష్టమవుతుంది, తీసేటప్పుడు నల్లగుడ్డు లోపలి కణాలు దెబ్బతింటాయి. మరీ పండిపోతే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. దానివల్ల కంటి నరం దెబ్బతిని పోయిన చూపు ఆపరేషన్ చేసినా తిరిగి రాదు.

నాకు శుక్లమని చెప్పింది దగ్గర్లోని విజన్ సెంటర్‌లో. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు దాదాపు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున ఇలాంటివి పెడుతూ వచ్చారు. అక్కడ డాక్టరు ఉండరు. శిక్షణ పొందిన టెక్నీషియన్ చూపు పరీక్షించి, అద్దాలతో తీరేదైతే అక్కడే రాసిస్తారు, కానిది పెద్దాసుపత్రికి పంపిస్తారు.

ఆపరేషన్‌కు ముందు షుగరు, బీపీ చూస్తారు. కన్నీటి దారిలోకి నీళ్లు ఎక్కిస్తారు, అవి గొంతులోకి దిగితే దారి బాగున్నట్టు. తర్వాత లోపల పెట్టే లెన్సు పవరు తేల్చడానికి కనుగుడ్డు పొడవు కొలుస్తారు. అందులో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే అద్దాల పవరు రెండున్నర, మూడు దాకా తప్పుతుంది, అందుకే అప్పుడు కదలకూడదు. మగవాళ్లు మూత్రం ఇబ్బందికి టామ్సులోసిన్ వాడుతుంటే ముందే చెప్పాలి. అది కనుపాపను సరిగ్గా విచ్చుకోనివ్వదు.

నాకు చేసింది కుట్లు లేని చిన్నకోత పద్ధతి, కోత ఆరేడు మిల్లీమీటర్లు. ఫేకోలో, అంటే యంత్రంతో శుక్లాన్ని నలగ్గొట్టి పీల్చేసే పద్ధతిలో, కోత మూడు మిల్లీమీటర్ల లోపే, కానీ దానికి ఖరీదైన యంత్రం కావాలి. గట్టిపడ్డ శుక్లానికి చిన్నకోతే నయమని నా అభిప్రాయం. లోపల పెట్టే లెన్సు కూడా ఇప్పుడు అందుబాటు ధరలో ఉంది. 1992లో మదురైలో ఆరోల్యాబ్ అనే లెన్సుల తయారీ సంస్థ మొదలయ్యాక అవి మన దేశంలోనే తయారవుతున్నాయి.

అసలు తిప్పలు ఇంటికొచ్చాకే. కంటి మందు చుక్కలు నాలుగు నుంచి ఆరు వారాలు వేసుకోవాలి, వారం వారం తగ్గించుకుంటూ. రెండు రకాలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. సీసా మూతి రెప్పకు తగలకూడదు. ముసలివాళ్లు సొంతంగా వేసుకుంటే సగం చుక్కలు చెంపమీదే పడతాయి. తలస్నానం, కన్ను నలపడం, ధాన్యం తూర్పారబట్టే చోట నిలబడడం కుదరదు. నొప్పి, ఎరుపు పెరిగి చూపు తగ్గితే చీము పట్టి ఉండొచ్చు, తనిఖీ తేదీ వచ్చేదాకా చూడకుండా ఆ రోజే వెళ్లాలి.

ఆపరేషన్ ఉచితమైనా, తోడు వచ్చినవాళ్ల కూలి పోతుంది, బస్సు చార్జీలవుతాయి. చాలామంది ఆగిపోయేది అక్కడే. తర్వాతి తనిఖీలు విజన్ సెంటర్‌లోనే చేస్తే ఆ ఖర్చు కొంత తప్పుతుంది. అద్దాలు మాత్రం కోత మానాక, నెల దాటాకే రాయించుకోవాలి. ఏడాదో రెండేళ్లో పోయాక మళ్లీ మసక వస్తే అది కొత్త శుక్లం కాదు, లెన్సు వెనక పొర మందమవడం. దానికి కోత అక్కర్లేదు, యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో తీసేస్తారు.