బల్క్‌లీ నదిలో ఫ్లైను లోతుకు దించడం

శరదృతువులో బ్రిటిష్ కొలంబియా ఉత్తర ప్రాంతానికి వెళ్ళేవారిలో ఎక్కువమంది మంచు కొండల కోసం వెళతారు. నేను వెళ్ళింది స్టీల్‌హెడ్ అనే చేప కోసం. ఇది రెయిన్‌బో ట్రౌట్ జాతిలోనిదే అయినా, నదిలో పుట్టి, పసిఫిక్ మహాసముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ నదికి ఎదురెక్కి వస్తుంది. స్కీనా నదిలోకి చేరే స్టీల్‌హెడ్ చేపల్లో పెద్ద భాగం హేజెల్టన్ దగ్గర బల్క్‌లీ అనే ఉపనదిలోకి మళ్ళుతుంది కాబట్టి, అక్టోబరులో ఆ నదిని చూడాలని చాలాకాలంగా అనుకుంటూ ఉన్నాను.

వాంకూవర్ నుంచి విమానంలో స్మిథర్స్ అనే ఊరు చేరుకుంటే ఇక ప్రయాణమంతా హైవే 16 మీదే సాగుతుంది, ఎందుకంటే ఆ రోడ్డూ నదీ చాలా దూరం ఒకే లోయలో నడుస్తాయి. ఊరి వెనక హడ్సన్ బే కొండ శిఖరం మీద అప్పటికే కొత్త మంచు పడి ఉంది, నది ఒడ్డున చెట్లు పసుపు రంగుకు తిరిగాయి. నీళ్ళలో దిగే ముందే తెలుసుకోవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. మామూలు లైసెన్సుతో పాటు ఈ నదికి ప్రత్యేకమైన అనుమతి తీసుకోవాలి, ముల్లు లేని ఒంటి కొక్కెమే వాడాలి, పట్టిన, పెంపకంలో కాక నదిలో సహజంగా పుట్టిన స్టీల్‌హెడ్‌ను తిరిగి వదిలిపెట్టాలి.

ఫ్లై అంటే కొక్కెం మీద ఈకలు కట్టి చేసిన నకిలీ ఎర. మేము చేపకు వేట సాగించిన స్వింగ్ పద్ధతిలో ఆ ఫ్లైను నదికి అడ్డంగా అవతలి ఒడ్డు వైపు విసురుతారు. దారం బిగిసిన తరువాత ప్రవాహమే ఫ్లైను వంపుగా ఈవలి ఒడ్డుకు తీసుకువస్తుంది. అప్పుడు రెండడుగులు వేసి దిగువకు జరిగి మళ్ళీ విసరాలి. చెప్పుకోవడానికి ఇంతే. అయితే చేప నది అడుగుకు దగ్గరగా ఉంటుంది, బిగిసిన దారం మాత్రం ఫ్లైను పైకే లాగుతుంది, కాబట్టి ఈ పద్ధతిలోని కష్టమంతా లోతు దగ్గరే వస్తుంది. మేము దిగిన రోజు ఉదయం నీటి ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంది. నీళ్ళు అంత చల్లగా ఉన్నప్పుడు చేప కదలడానికి బద్ధకిస్తుంది. ఫ్లై తన ముక్కుకు ఎదురుగా వస్తే నోరు తెరుస్తుంది గాని, నాలుగడుగుల పైన వెళ్ళేదాని కోసం లేచి రాదు.

ఆ ప్రాంతంలో ఏళ్ళ తరబడి పని చేస్తున్న గైడ్ ఒకరు మాతో ఉన్నారు. టెల్క్వా అనే ఊరికి ఎగువన ఒక పొడవాటి పాయ దగ్గర ఆయన పడవ ఆపి, నా ఫ్లైల పెట్టె తీసి చూసి, టంగ్‌స్టన్ తలలున్న పెద్ద ఫ్లైలన్నీ పక్కన పెట్టి, సన్నగా, పలుచగా కట్టిన ఒకదానిని ఎంచుకున్నారు. టంగ్‌స్టన్ సాంద్రత, నీటిది 1 అనుకుంటే, 19.3, సీసానిది 11.3, ఇత్తడిది ఎనిమిదిన్నర దరిదాపు. ఈ లెక్క ప్రకారం పెట్టెలో అన్నిటికంటే బరువైనది తీసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయన వాదన వేరే విధంగా ఉంది. ఒత్తుగా ఈకలు కట్టిన ఫ్లై ఎంత బరువున్నా, దారం బిగిసిన వెంటనే ఆ ఈకలన్నీ నీటి ఒరవడికి తెరచాపలా అడ్డుపడి దానిని పైకి తేలుస్తాయి. పలుచని ఫ్లైకి ఆ అడ్డు ఉండదు కాబట్టి, తక్కువ బరువుతోనే త్వరగా దిగుతుంది, దిగిన లోతులో ఎక్కువసేపు నిలుస్తుంది. నాకు ఇంకొక కారణం కూడా తోచింది. అతి బరువైన ఫ్లై, గాలపు కర్ర అయిన రాడ్‌ను కుదిపి విసురును పాడు చేస్తుంది, అది చెవి పక్కగా దూసుకుపోతున్నప్పుడు కలిగే భయం వేరు.

లోతుకు దించే పనిలో సగం ఫ్లైది, సగం దారం చివర తగిలించే సింక్ టిప్‌ది. అమెరికాలోని స్కాగిట్ నది పేరుతో పిలిచే పొట్టి, బరువైన ముందుభాగపు దారానికి కొసన పదడుగుల మునిగే దారపు ముక్కను తగిలిస్తారు. టి-8, టి-11, టి-14 అనే పేర్లలోని అంకె అడుగుకు ఎన్ని గ్రెయిన్ల బరువో చెబుతుంది. అంటే పదడుగుల టి-14 ముక్క 140 గ్రెయిన్లు, సుమారు 9 గ్రాములు తూగుతుంది. ఇవి సెకనుకు ఆరు నుంచి తొమ్మిది అంగుళాల దాకా మునుగుతాయని చెబుతారు గాని, ఆ లెక్క నిశ్చలమైన నీటిలో, దారానికి ఏ లాగుడూ లేనప్పటి సంగతి.

గైడ్ పడవ అంచు మీద కూర్చుని వేళ్ళ మీద వేసిన లెక్క ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది. సెకనుకు ఏడు అంగుళాలు మునిగే టిప్ నాలుగడుగులు దిగాలంటే దాదాపు ఏడు సెకన్లు పడుతుంది. నీరు సెకనుకు మూడడుగుల వేగంతో పోతున్నదంటే, ఆ ఏడు సెకన్లలో ఫ్లై ఇరవై అడుగులకు పైగా దిగువకు కొట్టుకుపోతుంది. ఆ ఇరవై అడుగుల దూరమంతా దారం వదులుగా ఉంటేనే నాలుగడుగుల లోతు దక్కుతుంది. మధ్యలో బిగిసిందంటే మునగడం అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి చేప ఉన్న చోటికి ఎదురుగా నిలబడి విసిరితే లాభం లేదు, దానికి తగినంత ఎగువన నిలబడి విసరాలి. ఒక రాయి వెనక చేప ఉందనుకుంటే, నా కాళ్ళు ఆ రాయికి ఎంత ఎగువన ఉండాలన్నదే మొదట తేల్చుకోవలసిన విషయమని ఆ లెక్క తరువాత స్పష్టమైంది.

విసిరే కోణం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. దిగువకు ఏటవాలుగా, నలభై అయిదు డిగ్రీల కోణంలో విసిరితే దారం నీటిని తాకిన క్షణంలోనే బిగిసి, ఫ్లై పైపైనే ఈదుతూ వస్తుంది. వెచ్చని నీటిలో, లోతు తక్కువైన చోట అది మంచి విసురే. చల్లని నీటిలో మాత్రం నదికి సరిగ్గా అడ్డంగా విసిరి, దారం నీటి మీద పడగానే రాడ్‌తో దానిని ఎగువ వైపు పెద్దగా మడిచి వేయాలి. నది అడుగున ఉన్న నీటి కంటే పైనీరు వేగంగా పోతుంది గనుక, ఆ మడత లేకపోతే పైన తేలే దారం ముందుగా పరుగెత్తి, కింద మునుగుతున్న ఫ్లైను తన వెంట ఈడ్చుకుపోతుంది. మడత వేసిన తరువాత, నేను అంతవరకు విసరడానికి ముందు జరుగుతూ వచ్చిన ఆ రెండడుగులను, విసిరాక దారం వదులుగా ఉన్నప్పుడు జరగమన్నారు గైడ్. చూడడానికి చిన్న మార్పు. కాని ఆ రెండడుగుల వదులు నేరుగా లోతుగా మారుతుంది, పైగా ఖర్చు లేనిది.

దారం బిగిసిన తరువాత కూడా కొంత మన చేతిలో ఉంటుంది. రాడ్ కొనను ఒడ్డు వైపు తిప్పితే స్వింగ్ వేగం పెరిగి ఫ్లై లేస్తుంది. నది వైపే చాపి, కొనను కిందికి దించి ఉంచితే వేగం తగ్గి ఫ్లై తన లోతును నిలుపుకుంటుంది. ఫ్లైను టిప్‌కు కలిపే సన్నని దారం, అంటే లీడర్, మూడు నాలుగు అడుగులకు మించకూడదు, ఎందుకంటే పొడవు పెరిగినకొద్దీ టిప్ కిందకు పోయినా ఫ్లై దాని పైన వేలాడుతుంది. ఫ్లోరోకార్బన్ సాంద్రత 1.78, నైలాన్‌ది 1.14, మూడడుగుల ముక్కలో ఆ తేడా పెద్దగా తెలుస్తుందని నేను నమ్మను గాని, సన్నని లీడర్ నీటిని సులభంగా కోసుకుపోతుందనడంలో అనుమానం లేదు.

సరైన లోతు దొరికిందని చేతికి ఎలా తెలుస్తుందన్నది పుస్తకాలలో సులభంగా కనిపించే ప్రశ్న, నీళ్ళలో అంత సులభం కాదు. ఫ్లై అడపాదడపా ఒక గులకరాయిని తాకి, దారం గుండా వేలికి చిన్న టక్కుమనే కదలిక తెలియాలి. ప్రతి విసురుకీ రాయి తగులుతుంటే బరువు ఎక్కువైనట్టు. గంట గడిచినా ఒక్క రాయీ తగలకపోతే, ఎంత అందంగా విసిరినా ఫ్లై నడినీటిలో ఊరికే తిరుగుతున్నట్టు. డంబెల్ కళ్ళను, అంటే కళ్ళలా కనిపించే జంట లోహపు గుండ్లను, కొక్కెం కాడకు పైభాగంలో కట్టిన ఫ్లై నీటిలో తిరగబడి, కొక్కెం మొన పైకి ఉండేలా ఈదుతుంది కాబట్టి అడుగును తాకినా త్వరగా చిక్కుకోదు. ఈ నదిలో అటువంటివే వాడాలని నా అభిప్రాయం.

హేజెల్టన్ వైపు వెళ్ళే దారిలో విట్సెట్ దగ్గర నది ఇరుకైన రాతి గండిలోంచి దూకుతుంది. వెట్సువెటెన్ అనే ఆదివాసీ ప్రజలు తరతరాలుగా చేపలు పడుతున్న చోటు అది. మేము ఒడ్డున నిలబడి చూసి వచ్చేశాము.

మధ్యాహ్నానికి ఎండ కాసి నీరు 7 డిగ్రీలకు చేరింది. బల్లపరుపుగా, నడకంత వేగంతో సాగే ఒక పాయ చివర గైడ్ టి-14 తీసేసి టి-8 తగిలించి, ఫ్లైను మాత్రం అదే ఉంచారు. అడుగున గుమ్మడికాయలంత రాళ్ళు ఉన్న ఆ చోట, మడత వేసి, రెండడుగులు జరిగి, దారం బిగిసి ఫ్లై దిశ మారుతున్న క్షణంలో చేప పట్టింది. కొక్కెం వేయడానికి నేను చేసిందేమీ లేదు, దారమే రీలులోంచి పోవడం మొదలుపెట్టింది. ఆడ చేప, వెండి రంగు ఇంకా పోలేదు. నీళ్ళలోంచి ఎత్తకుండానే కొక్కెం తీసి, తలను ప్రవాహానికి ఎదురుగా పట్టి ఉంచితే కాసేపటికి తానే తోక విదిల్చి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి వాన పడి టెల్క్వా నది బురదనీరు తెచ్చి కలపడంతో సంగమానికి దిగువన నది చూపు ఆనకుండా తయారైంది. మరునాడు ఎగువకు, మోరిస్ నది కలిసే హ్యూస్టన్ వైపు మారాము. అక్కడ పాయలు ఇరుకు, ఒరవడి ఎక్కువ; వదులుగా ఏడు సెకన్లు దొరికే చోటు అరుదు కాబట్టి ఆ రోజంతా టి-14తోనే, నేను నిలబడే చోటును మరింత ఎగువకు జరుపుకుంటూ విసిరాను.