మైనస్ 40లో ఇంజను: ఫెయిర్‌బ్యాంక్స్ యాత్ర

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ ఊళ్లో జనవరిలో ఏ కారును చూసినా ముందు జాలీలోంచి ఒక ప్లగ్ బయటికి వేలాడుతూ ఉంటుంది. కొత్తగా వచ్చినవారు అవన్నీ కరెంటు కార్లనుకుంటారు. కానీ అవి పెట్రోలు, డీజిలు బండ్లే. ఆ ప్లగ్ ఉన్నది ఆగి ఉన్న ఇంజనును వెచ్చగా ఉంచడానికి. విశ్వవిద్యాలయంలో, కార్యాలయాల ముందు, అపార్ట్‌మెంట్ల వెనుక, కార్లు నిలిపే చోట నడుమెత్తు స్తంభాలు వరసగా పాతి, వాటికి కరెంటు పాయింట్లు బిగించి ఉంటాయి. కారు దిగినవాళ్లు తలుపు వేసి తాళం పెట్టినంత మామూలుగా ఆ ప్లగ్‌కు తీగ తగిలించి లోపలికి వెళ్లిపోతారు.

ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేరి సూపర్‌వైజరుగా రిటైరైనవాణ్ని. ఉత్తర కాంతులకంటే ముందు నా కంట పడింది ఆ ప్లగ్గే. మా అమ్మాయి, అల్లుడు అక్కడి విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నారు. "వేసవిలో రా నాన్నా, హాయిగా తిరగొచ్చు" అని అమ్మాయి ఎంత చెప్పినా నేను చలికాలమే కావాలన్నాను. జీవితమంతా ఇంజన్ల మధ్య గడిపినవాడికి, అంత చలిలో అవి ఎలా లేస్తాయో చూడాలన్న కోరిక ఉండదా? హైదరాబాద్ నుంచి సియాటిల్, అక్కడి నుంచి ఫెయిర్‌బ్యాంక్స్. విమాన ప్రయాణం గురించి చెప్పడానికి ఏమీ లేదు.

మైనస్ 40 దగ్గర సెల్సియస్, ఫారన్‌హీట్ కొలతలు రెండూ ఒకటే అవుతాయని బళ్లో చదువుకున్నాం. అక్కడ ఆ అంకెను బ్యాంకు ముందున్న బోర్డు మీద చూశాను. గాలి కదలదు. కార్ల పొగలోని తేమ గాలిలోనే గడ్డకట్టి మంచు పొగలా రోడ్డు మీద నిలిచిపోతుంది. సూర్యుడు ఉదయం పది దాటాక దక్షిణాన కొంచెం పైకి వచ్చి, మధ్యాహ్నమే దిగిపోతాడు. అయినా బడులు నడుస్తాయి, బస్సులు తిరుగుతాయి. అదే రాష్ట్రంలో ఇంకా ఉత్తరాన ఉన్న ప్రాస్పెక్ట్ క్రీక్‌లో 1971 జనవరిలో మైనస్ 62 డిగ్రీలు నమోదైంది. అమెరికా మొత్తానికి అదే రికార్డు.

పాడేరు డిపోలో పనిచేసినప్పుడు డిసెంబరు తెల్లవారుజామున తొలి సర్వీసులను స్టార్ట్ చేయించడమే మాకు పెద్ద పని. లంబసింగి, చింతపల్లి వైపు రాత్రి ఉంచిన బస్సులయితే మరీ మొరాయించేవి. అక్కడ చలి సున్నా దాకా వస్తేనే గొప్ప. ఆ సున్నాకు ఇంకో నలభై డిగ్రీల కింద ఇంజను సంగతి ఏమిటి?

ముందు ఆయిలు గురించి చెప్పాలి. ఇంజను అడుగున ఉండే ఆయిల్ పాన్‌లో, అంటే మన మెకానిక్కులు సంపు అనే దానిలో, రాత్రంతా ఆయిలు నిలిచి ఉంటుంది. తాళం తిప్పగానే పంపు ఆ ఆయిలును జల్లెడ గుండా పీల్చి, ఇంజను ఇరుసు అయిన క్రాంకును మోసే బేరింగులకు, పైన కవాటాలను తెరిచే క్యామ్ షాఫ్టుకు అందించాలి. అందేదాకా ఇనుము మీద ఇనుము రాసుకోకుండా కాపాడేది నిన్నటి నుంచి మిగిలిన పలచని పొర మాత్రమే. ఆయిలు చల్లబడే కొద్దీ చిక్కబడుతుంది. మన బస్సుల్లో పోసే 15డబ్ల్యూ-40 రకం ఆయిలును స్టార్టరు తిప్పగలదా లేదా అన్న పరీక్ష మైనస్ 20 దగ్గర చేస్తారు, పంపు తోడగలదా అన్న పరీక్ష మైనస్ 25 దగ్గర. చలి దేశాల కోసం తయారయ్యే అన్నిటికంటే పలచని 0డబ్ల్యూ రకానికి ఆ పరీక్షలు మైనస్ 35, మైనస్ 40 దగ్గర జరుగుతాయి. అంటే బజారులో దొరికే మేలు రకం ఆయిలు ఇచ్చే భరోసా మైనస్ 40తో సరి. ఫెయిర్‌బ్యాంక్స్‌లో కొన్ని ఉదయాలు అక్కడి నుంచే మొదలవుతాయి.

బ్యాటరీ కూడా అప్పుడే చేతులెత్తేస్తుంది. మైనస్ 18 దగ్గరే అది దాదాపు సగం బలం కోల్పోతుంది. చిక్కబడ్డ ఆయిలులో క్రాంకును తిప్పడానికి స్టార్టరుకు మరింత కరెంటు కావలసిన వేళ, ఇచ్చేది తగ్గిపోతుంది. పైగా చార్జి పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలో ఉన్నది దాదాపు నీరే కనుక అది గడ్డకట్టి పగిలిపోగలదు.

దీనికి మొదటి మందు కనిపెట్టినవాడు నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో ఒక విద్యుత్ సహకార సంఘాన్ని నడిపిన ఆండ్రూ ఫ్రీమన్. ఇంజను పైభాగాన్ని బిగించే బోల్టులలో ఒకదాని బదులు హీటరు అమర్చే పద్ధతికి 1949లో పేటెంటు పొందాడు. ఈనాటి బ్లాక్ హీటర్లు దాని వారసులు. ఇవి ఇంజనులోని కూలెంటును, అంటే దాన్ని చల్లబరిచే ద్రవాన్ని, వేడి చేస్తాయి. ఆయిల్ పాన్ హీటరు వేరు. అరచేతి వెడల్పు సిలికాన్ రబ్బరు ముక్క, లోపల సన్నని వేడి తీగ. పాన్ అడుగున అతికిస్తారు. బ్లాక్ హీటరు 400 వాట్లు మొదలుకొని పైకి తీసుకుంటే, కార్ల పాన్ హీటర్లు సాధారణంగా 125 నుంచి 250 వాట్ల మధ్య ఉంటాయి.

మా అల్లుడి కారులో మూడూ ఉన్నాయి: బ్లాక్ హీటరు, పాన్‌కు అతికించినది, బ్యాటరీకి చుట్టిన దుప్పటిలాంటిది. మూడు తీగలూ కలిసి ఒక ప్లగ్గుగా బయటికి వస్తాయి. రాత్రంతా వేసి ఉంచరు. టైమరు పెడితే బయలుదేరడానికి రెండు మూడు గంటల ముందు దానంతట అదే మొదలవుతుంది. 250 వాట్ల పాన్ హీటరు మూడు గంటలు పనిచేస్తే ముప్పావు యూనిట్ ఖర్చు.

ఒక ఉదయం పక్కింటాయన పికప్ బండి లేవలేదు. రాత్రి ఎప్పుడో ఆయన పాయింటుకు కరెంటు ఆగిపోయిందట. స్టార్టరు ఒక్క మూలుగు మూలిగి, సగం తిరిగి, ఆగింది. ఇంకోసారి వద్దని సైగ చేసి, ఆయన అనుమతితో ఆయిలు కొలిచే పుల్ల లాగాను. కొసన ఆయిలు ముదురు పాకంలా పట్టుకుని ఉంది. పుల్లను నిలువుగా పట్టుకుని చూస్తూ నిలబడ్డాను, చుక్క కింద పడలేదు. మా అల్లుడి కారు బానెట్ ఎత్తి అక్కడి పుల్ల లాగితే చుక్కలు వెంట వెంటనే మంచు మీద పడ్డాయి. రెండింటిలోనూ ఒకే రకం ఆయిలు. కారు కిందికి చేయి పోనిచ్చి, పలుచని చేతిగుడ్డ మీదుగా పాన్‌ను తాకాను. చుట్టూ మైనస్ 38 ఉంటే ఆ లోహం గోరువెచ్చగా ఉంది. మెకానిక్‌గా నాకు ఆ యాత్రలో అంతకంటే ఆనందం కలిగించినది లేదు.

మా పాయింటు నుంచి తీగ లాగి ఆయన బ్లాక్ హీటరుకు ఇచ్చాం. రెండున్నర గంటల తర్వాత ఇంజను లేచింది. కానీ అది పాతకాలపు బండి, డ్యాష్ బోర్డు మీద ఆయిల్ ప్రెషరు చూపే ముల్లు ఉంది. ఇంజను తిరుగుతోంది, ముల్లు మాత్రం అడుగునే ఉండిపోయి, తర్వాత మెల్లగా లేచింది. ఆ క్షణాలు నాకు చాలా బరువుగా గడిచాయి. పైన కూలెంటు వేడెక్కింది, కింద గాలికి వేలాడుతున్న పాన్‌లో ఆయిలు మాత్రం చల్లగానే ఉందన్నమాట.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదే చర్చ. "మామయ్యగారూ, ఒక్కటే పెట్టుకోవలసి వస్తే బ్లాక్ హీటరే నయం. ఇంజను తేలిగ్గా లేస్తుంది, కారు లోపల కూడా తొందరగా వేడెక్కుతుంది" అన్నాడు అల్లుడు. మాట కాదనలేనిది. అయినా నా ఓటు పాన్‌కే. బ్యాటరీ పడుకుంటే ఇంకో బండి నుంచి కరెంటు తెచ్చి లేపవచ్చు, కారు వేడెక్కడం ఆలస్యమైతే ఇంకో స్వెట్టరు వేసుకోవచ్చు. ఆయిలు అందక గీరుకుపోయిన బేరింగును మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. గ్యారేజీలో అలాంటి బేరింగులు ఎన్నో విప్పాను. మెరవవలసిన చోట రాగి రంగు తేలి ఉంటుంది. ఆ గీతల్లో చాలా భాగం పరుగులో పడినవి కావు, పొద్దున మొదటి అరనిమిషంలో పడినవి.

నా మాట బాగా అర్థం చేసుకున్నది ఒక పైలట్. అల్లుడి స్నేహితుడు. ఊరి అంచున చిన్న విమానాల మైదానంలో తన నాలుగు సీట్ల సెస్నాను చూపించాడు. ముక్కుకు మందపాటి బొంత కప్పి ఉంది, కింద ఆయిలు సంపుకు అతికించిన హీటరు తీగ నేల మీది పాయింటులోకి వెళ్తోంది. గాలితో చల్లబడే ఆ ఇంజనులో కూలెంటే లేదు, కాబట్టి బ్లాక్ హీటరు ప్రసక్తే రాదు. ఇలాంటి ఇంజన్లు చేసే లైకమింగ్ కంపెనీ చాలా ఇంజన్లకు మైనస్ 12 కంటే చలి ఉంటే ముందుగా వేడి చేయాల్సిందే అంటుంది.

కార్ల్ బెన్ ఐల్సన్ అనే పైలట్ ఇదే ఊరి నుంచి 1924 ఫిబ్రవరిలో అలాస్కాలోనే ఉన్న మెక్‌గ్రాత్‌కు విమానంలో ఉత్తరాలు తీసుకువెళ్లాడు. ఆ రోజుల్లో, ఆ తర్వాత చాలాకాలం, అలాస్కా పైలట్లు దిగగానే చేసే మొదటి పని ఇంజను వేడిగా ఉండగానే ఆయిలంతా డబ్బాలోకి దింపుకోవడం. దాన్ని గుడిసెలోకి తీసుకువెళ్లి పొయ్యి పక్కన పెట్టుకునేవారు. పొద్దున ఇంజనుకు గుడారం కప్పి, కింద మంటపొయ్యి పెట్టి, కాచిన ఆయిలు పోసి, చల్లారకముందే స్టార్ట్ చేసేవారు. గుడారానికి నిప్పంటుకుంటే విమానమే పోతుంది కనుక పక్కనే కాపలా ఉండాలి. 1940లో ఇక్కడ సైన్యం లాడ్ ఫీల్డు అనే విమాన స్థావరాన్ని కట్టింది చలిలో విమానాలను పరీక్షించడానికే. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి 1945 వరకు, సోవియట్ పైలట్లు అమెరికా ఇచ్చిన దాదాపు 8,000 విమానాలను ఇక్కడ అందుకుని సైబీరియా మీదుగా తీసుకుపోయారు. అప్పట్లో ఇంకో ఉపాయం ఉండేది. ఇంజను ఆపేముందు ఆయిలులోకి కొంత పెట్రోలు కలిపేవారు. రాత్రంతా పలచగా ఉండి, మళ్లీ ఇంజను వేడెక్కాక ఆ పెట్రోలు ఆవిరైపోయేది. లడఖ్ వైపు చలికాలంలో లారీ డ్రైవర్లు బండి కింద మంట పెట్టడం విన్నాను. మనుషులు ఇన్ని తంటాలు పడింది సంపులోని ఆ కాస్త ఆయిలు కోసమే.

ఆ వారాంతం చేనా వేడి నీటి బుగ్గలకు బయలుదేరాం, సుమారు 95 కిలోమీటర్లు. మొదటి కొన్ని నిమిషాలు కారు దడదడలాడింది. టైర్లు నేలకు ఆనిన చోట రాత్రి చదునుగా గట్టిపడి ఉంటాయి, తిరిగి వేడెక్కితే గుండ్రమవుతాయి. పాన్ హీటరు టైర్లకేమీ చేయలేదు, కాబట్టి మెల్లగా వెళ్లాలి. దారికి కొంచెం పక్కగా ఫాక్స్ దగ్గర అలాస్కా చమురు గొట్టాన్ని చూడటానికి ఆగాం. 48 అంగుళాల గొట్టం, 1977 నుంచి ఉత్తర తీరాన ఉన్న ప్రూడో బే చమురును 1,287 కిలోమీటర్లు మోసి వాల్డీజ్ రేవుకు చేరుస్తోంది. చమురు వేడి పోకుండా గొట్టానికి మందపాటి కవచం. దాన్ని మోసే స్తంభాల తలల మీద మాత్రం రెక్కల గొట్టాలు, వాటిలో అమోనియా. అవి నేలలోని వేడిని పైకి లాగి గాలికి వదిలేసి, కింది శాశ్వత హిమం, అంటే ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల, కరగకుండా చూస్తాయి. పైన చమురు వెచ్చగా, కింద నేల గడ్డకట్టి ఉండాలి. ఆ రెండు పనులూ ఒకే చోట జరుగుతుంటే అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. అమ్మాయి చేయి పట్టి లాక్కుపోయింది.

చేనాలో బుగ్గ నీటిలో మెడదాకా కూర్చుంటే జుట్టు మీద మంచు పేరుకుంటుంది, ఒళ్లు మాత్రం హాయిగా ఉంటుంది. నన్ను అంతకంటే ఆకట్టుకున్నది అక్కడి విద్యుత్ కేంద్రం. 2006 నుంచి, సుమారు 74 డిగ్రీల వేడి నీటితోనే వాళ్లు కరెంటు తయారు చేస్తున్నారు. ఆ వేడికే మరిగే ఒక ద్రవాన్ని ఆవిరిగా మార్చి, దానితో టర్బైను తిప్పుతారు. అంతకుముందు డీజిలు జనరేటర్లు నడిచేవి. రాత్రి గది ముందు పాయింటుకు కారు తగిలిస్తూ, భూమి లోపలి వేడి ఇంత దూరం తిరిగి వచ్చి మన ఆయిల్ పాన్‌ను వెచ్చబెడుతోందని అల్లుడికి చెప్పాను. తనూ ఎంతో సంతోషించాడు.

తిరిగి వచ్చాక మా అమ్మాయి కారుకు పాన్ హీటరు వేద్దామన్నాను. దానికి బ్లాక్ హీటరు ఒక్కటే ఉంది. వేడి గ్యారేజీ ఒకటి గంటల లెక్కన అద్దెకు దొరికింది, పని నేనే చేశాను. పాన్ అల్యూమినియంది కనుక అయస్కాంతంతో అంటుకునే రకం పనికిరాదు, అతికించేదే కావాలి. లోపల ఆయిలు నిలిచే మట్టానికి కింద ఉండే చదునైన చోటు చూసుకున్నాను. పైకి జరిగితే హీటరు ఖాళీ లోహాన్ని కాల్చి తానే పాడవుతుంది. గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, జిడ్డు పోయేలా తుడిచి, ముక్కను మధ్య నుంచి అంచులకు నొక్కుతూ అతికించాను. గాలి బుడగ మిగిలితే అక్కడే వేడి పేరుకుని కాలిపోతుంది. అంచుల చుట్టూ సిలికాన్ పూసి, తీగను సైలెన్సరు గొట్టానికీ ఫ్యానుకూ దూరంగా కట్టుకుంటూ జాలీ దాకా తెచ్చాను. ఒక రోజంతా ఆరనిచ్చాకే కరెంటు ఇవ్వాలి. చలికి పెళుసెక్కని రబ్బరు తొడుగు ఎక్స్‌టెన్షన్ తీగ కొన్నాం. మామూలు ప్లాస్టిక్ తొడుగు ఆ చలిలో కర్రలా బిగిసి పగులుతుంది.

అమ్మాయి తెల్లవారి ఏడింటికి బయలుదేరాలి కాబట్టి టైమరు నాలుగింటికి పెట్టాం. బోర్డు మీద మైనస్ 36. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది, ఆయిలు దీపం వెంటనే ఆరిపోయింది. అమ్మాయి ప్లగ్ తీసి, తీగ చుట్టి స్తంభానికి తగిలించి ల్యాబుకు వెళ్లిపోయింది. పక్కింటాయన వచ్చి ఆ ముక్క ఎన్ని వాట్లది, ఎక్కడ దొరికింది అని అడిగాడు. ఆయన పికప్ పాన్ ఉక్కుదే, దానికి అయస్కాంతం రకమైనా సరిపోతుందని చెప్పి దుకాణం పేరు రాసిచ్చాను.